గోళ్లలో మిగిలిన ఎరుపు

మాది విరుదునగర్. కోవిల్‌పట్టిలో ఉన్న మేనమామ కొడుకు నాకేనని చిన్నప్పటినుంచీ ఇంట్లో అనుకున్నదే. అతనికి మా పిన్ని కూతురు సెల్వితో గుట్టుగా నిశ్చితార్థం అయిపోయిందని పోయినేడాది ఎవరో అన్నారు. నమ్మలేక బస్సెక్కి కోవిల్‌పట్టిలోని పిన్ని ఇంటికి వెళ్లాను.

మా వాళ్లలో గోరింటాకు పెట్టకుండా నిశ్చితార్థం చేయరు. సెల్వి నవ్వుతూ అరచేతులు చాపింది.

"చూడక్కా, మరుదాణి ఉండాదా? నీకు చెప్పకుండా నిచ్చయం చేసుకుంటానా?"

ఎరుపు జాడే లేదు. అనుమానించినందుకు సిగ్గుపడ్డాను.

అంతలో కాఫీ గ్లాసు అందించింది. గోళ్ల మొదళ్లు మామూలుగా ఉన్నాయి, కొసలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. గోరింటాకు ముందు చేతి వెనక, తర్వాత అరచేతిలో పోతుంది. గోటి మీద మాత్రం అది పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది.

"గోళ్లు ఎందుకే ఎర్రగా ఉండాయి?"

సెల్వి చటుక్కున పిడికిలి మూసింది.

"మాకు మీరిద్దరూ ఒకటేనమ్మా, కోపపడకు" అంటూ పిన్ని వంటింట్లోంచి వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది. అంతకు రెండు నెలల ముందు జుట్టు నెరుస్తోందంటూ పిన్ని మా పెరట్లో గోరింటాకు అడిగితే, లేత ఆకు ఏరి సంచీ నిండా కోసిచ్చింది నేనే. ఆమె తలవైపు చూశాను. ఒక్క వెంట్రుకా ఎర్రబడలేదు.

ఇప్పుడు ఎవరు ఆకు అడిగినా, వాళ్లనే కోసుకోమంటాను.