బోర్లా పరిచిన పెంకులు

మా ఆడపడుచు బాపట్లలో పోయింది. పచ్చకామెర్లు ముదిరి మూడు వారాల్లో అంతా అయిపోయింది. అక్కడి ఆడపిల్లల బడిలో సాంఘికశాస్త్రం చెప్పేది. పన్నెండో రోజున తెనాలిలో, మా ఇంట్లో, భోజనాల దగ్గర మావయ్యగారు చుట్టాలతో అన్నారు: "పెంకులేరుకోడానికి యూనివర్సిటీ దాకా వెళ్ళిందండీ మా పిల్ల. అదీ పూర్తిచెయ్యలేదు." కొందరు నవ్వారు. చేతిలో పులుసు గిన్నె ఉండబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

పదిహేనేళ్ళ కిందట ఆమె పురావస్తుశాస్త్రంలో ఎం.ఏ. చివరి ఏడాది చదువుతోంది. రేపల్లె దగ్గర, పాతకాలపు ఊరు పూడిపోయిన ఒక పాటిదిబ్బ మట్టిని రైతులు పొలాలకు తోలుకునేవాళ్ళు. తెగిన దిబ్బ గోడలో ఏ లోతున ఏ కుండపెంకు ఉందో ఈమె టేపు పెట్టి కొలిచేది. లోతుకో సంచీ చొప్పున కట్టి, రైల్లో ఇంటికి మోసుకొచ్చేది. ఆ పెంకుల మీదే ఆమె పరిశోధన వ్యాసం.

కడగడం నాకూ నేర్పింది. మొదటిరోజు నేను బూడిదా కొబ్బరిపీచూ తెచ్చేసరికి చెయ్యి పట్టుకుంది.

"వదినా, ఇవి మన అంట్లు కావు, తోమకు! ఆ మసి కూడా నాకు కావాలి. ఎవరో నీలాంటి వదినే ఎప్పుడో కూర మాడబెట్టింది, చూడు."

"నేనెప్పుడు మాడబెట్టానమ్మా?"

"నిన్న. వంకాయ."

మెత్తని బ్రష్షుతో కడిగి నీడలో ఆరబెట్టేవాళ్ళం. పెంకు లోపలివైపు నల్లసిరాతో అంకె వేసి, పైన పలచగా వార్నిష్ పూసేది. "ఎక్కడ దొరికిందో రాయకపోతే ఇది ఉత్త పెంకే వదినా" అనేది.

ఆ వానాకాలంలోనే మావయ్యగారి షష్టిపూర్తి. పెరడంతా నల్లబురద. ఆడపడుచు దిబ్బ దగ్గరికి వెళ్ళిన రోజున ఆయన నన్ను పిలిచి, "అమ్మాయ్, వచ్చినవాళ్ళు జారిపడతారు. ఆ పెంకులన్నీ నీళ్ళగది దారిలో పరిచెయ్" అన్నారు. అవేంటో ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. "అలాగేనండి" అన్నాను. ఏ పనైనా పద్ధతిగా చేస్తానని నాకు పేరు. సంచులన్నీ కుమ్మరించి, పెద్దవి అంచులకూ చిన్నవి మధ్యకూ ఏరి, కాళ్ళకు గుచ్చుకోకుండా అన్నీ బోర్లా పరిచి దిమ్మిసతో అణగ్గొట్టాను.

సాయంత్రం ఆమె వచ్చి ఆ దారి అంచున కూర్చుంది. ఒక పెంకును వేలితో తడిమి అడిగింది.

"బోర్లా పరిచావా వదినా?"

"ఊఁ."

"మంచిపని చేశావు. అంకెలు అరగవు."

తిట్టి ఉంటే బాగుండేది.

షష్టిపూర్తి అయ్యాక తవ్వుకుంటానని తండ్రిని అడిగింది. "వేసిన బాట తవ్వేదేంటి? ఆడపిల్ల దిబ్బలెక్కి తిరిగింది చాలు" అన్నారాయన. ఇంట్లో ఎవరమూ నోరెత్తలేదు. పెంకులు చూపించనిదే వ్యాసం చెల్లదన్నారు యూనివర్సిటీలో. మళ్ళీ ఏరుకుందామంటే అప్పటికి దిబ్బ మొత్తం పొలాలకు వెళ్ళిపోయింది. బాపట్లలో బడి ఉద్యోగం చూసుకుంది. తర్వాత ఈ ఇంటికి ఎప్పుడొచ్చినా నీళ్ళగదికి ఆ బాట మీద నడవలేదు. పక్కన బురదలోంచి వెళ్ళి కాళ్ళు కడుక్కునేది. అది మేమంతా చూశాం. చూసి, భోజనానికి పిలిచేవాళ్ళం.

ఆమె పూర్తిచెయ్యలేదట! ఆ మాట అన్నాయన మీద నాకెంత కోపమో, "అలాగేనండి" అన్న నా నోటి మీద అంతకన్నా ఎక్కువ.

చుట్టాలు వెళ్ళిపోయాక గునపం తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. మావయ్యగారు వసారాలోంచి కేకేశారు.

"ఏంటమ్మాయ్, బాట పెకలిస్తున్నావ్?"

"పూర్తిచేస్తున్నానండి."

బాటలోంచి ఒక్కొక్క పెంకే ఊడదీశాను. తోమకుండా, మెత్తని బ్రష్షుతోనే కడిగాను. ఇప్పుడవి వసారా నీడలో, ఆయన పడకకుర్చీ ముందే, పాత పేపర్ల మీద వెల్లకిలా ఆరుతున్నాయి. ఒక్కొక్క దాంట్లో ఆమె చేతిరాత, నల్లగా, వార్నిష్ మెరుపుతో. ఇప్పటిదాకా తీసినవాటిలో ఒక్క అంకె కూడా అరగలేదు.