ఫౌంటెన్ కట్టేసిన గైడు

ఆ రోజుల్లో చూడని ఊళ్లంటే నాకు భయముండేది కాదు, వాటిని ముందే చదివేసి ఉండేవాణ్ణి కాబట్టి. గార్లదిన్నె పక్క పల్లెలో ఇంటర్‌తో చదువు ఆగిపోయినా, అనంతపురం లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ దొరికిన ప్రతి మధ్యాహ్నం (కరెంటు లేని మధ్యాహ్నాలు కూడా) కోటల గురించి, బురుజుల గురించి చదివి నోటుపుస్తకాలు నింపాను. అందుకే కర్నూల్లో ఒక ట్రావెల్స్‌కు గైడు కావాలని తెలియగానే, ఆ ఊళ్లో కాలు పెట్టకుండానే అంతా తెలుసని చెప్పేశాను. బస్సెక్కిస్తూ నాయన ఒకే మాటన్నాడు: "ఈ పని రాకపోతే మల్ల నోరెత్తకుండా గొర్లెంబడి పోవల్ల." సరేనన్నాను. చరిత్ర వినే ఓపిక గొర్రెలకు లేదని నాకప్పటికే అనుభవం.

ట్రావెల్స్ యజమానిని అందరూ పెద్దన్న అనేవారు. పరీక్షగా, కోస్తా నుంచి వచ్చిన పదిమందిని నాకప్పగించి తాను వెనకే నడిచాడు. ఊరి నడుమ పార్కు చూపించి, పాత బురుజు ఎక్కించి, తుంగభద్ర ఒడ్డుకు తీసుకుపోవాలి. పార్కులో ఫౌంటెన్ దగ్గర నిలబడి బురుజు రాళ్ల కథ ఎత్తుకున్నాను. ఒకాయన ఆవలించాడు. మిగతావాళ్లు ఫోటోల్లో పడ్డారు. గొంతు పెంచాను. అప్పుడే నా కంట పడింది, తొట్టి అంచు దాటి కింది జాలీలోకి పోతున్న నీళ్లు, పక్కనే వాల్వు చక్రం. మా పక్క కొళాయి ఎవరిదైనా సరే, నీళ్లు కారుతుంటే దారిన పోయేవాడే కట్టేస్తాడు. మాట ఆపకుండానే వంగి, చక్రం బిగించేశాను. ఫోటోకు నవ్వుతున్నవాళ్ల వెనక ఫౌంటెన్ చతికిలబడింది.

తోటమాలి పరిగెత్తుకొచ్చాడు. "ఏమప్పా, ఎవురు కట్టేసింది?"

"నీళ్లు ఊరికే పోతాండాయన్నా."

"యాడికి పోతాండాయి? ఆ నీళ్లే కిందికొచ్చి మల్లా పైకి పోతాయి! ఇంతసేపు అంత చదువు మాట్లాడితివి, ఇది తెలీదా?"

తెలీదు. (లైబ్రరీలో ఆ పుస్తకం ఎవరో తీసుకుపోయి తిరిగి ఇయ్యలేదనుకుంటాను.) పెద్దన్న ముఖం చూసే ధైర్యం లేకపోయింది. కళ్ల ముందు గొర్రెలు వరసగా నడిచిపోయాయి.

అప్పుడు ఆ గుంపులోని రిటైరైన టీచరమ్మ నా దగ్గరికొచ్చింది. "బురుజు సంగతి తర్వాత చెబుదువుగాని బాబూ, మీ ఊళ్లో నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తాయి?"

చెప్పాను. బిందె పెట్టే చోట రాయి పెట్టి వరస కాపాడుకోవడం, ఆ రాయిని ఎవరో జరిపితే పుట్టే తగాదాలు, బియ్యం కడిగిన నీళ్ల కోసం మా అమ్మా, కొట్టంలోని ఎనుమూ పోటీ పడడం. ఎవరూ ఆవలించలేదు. బురుజు మెట్ల మీద కూర్చుని కూడా అవే అడిగారు. ఏటి ఒడ్డుకు చేరాక, అన్ని నీళ్లు ఒక్కచోట చూసి, చెప్పులు విడిచి మోకాళ్ల దాకా దిగిపోయాను. వాళ్లు నది వదిలేసి నన్నే ఫోటో తీశారు.

సాయంత్రం పెద్దన్న అన్నాడు: "రేపు ఆరింటికి రా. ఆ చక్రం మళ్లా ముట్టుకుంటే మాత్రం నేనే బస్సెక్కిస్తా."

ఇప్పుడు కొత్త గైడులకు నేనే దారి చూపిస్తున్నాను. ఆ ఫౌంటెన్ కాడికొస్తే నా మాట నడుస్తూనే ఉంటుంది, నడుము మాత్రం కొంచెం వంగుతుంది. మొన్న చూస్తే ఆ చక్రం ఎవరో పీకేశారు. చేయి అలవాటుగా పోయి, కాసేపు గాలిని బిగించి వచ్చింది.