ఒళ్లో పడ్డ స్టీరింగు

మా ఆయన దగ్గర ఆయన పుట్టి పెరిగిన ఇంటి గురించి ఏమన్నా అనొచ్చు, కారు గురించి మాత్రం అనకూడదు. స్టీరింగు వదులైనట్టుందని మొదటిసారి చెప్పినప్పుడు నా వైపు జాలిగా చూసి, "స్టీరింగు మంచిగనే ఉన్నది, నీ చెయ్యే వదులైంది" అన్నాడు.

ఆ కారు మాకంటే ముందు జనగామలో ఉండేది. అక్కడ బట్టల దుకాణం నడిపే మా ఆయన చిన్ననాటి స్నేహితుడు కొత్తది కొనుక్కుంటూ దాన్ని మాకిచ్చాడు. మేం ఉండేది మహబూబాబాద్‌లో, అదే మానుకోటలో. ఆయనకు విత్తనాల దుకాణం, నాకు బడి. మా ఇంట్లో కారు నడపడం వచ్చింది నాకు, కారు గురించి మాట్లాడటం వచ్చింది ఆయనకు. ఇన్నేళ్ల సంసారంలో మేం గొడవ పడకుండా పంచుకున్న పని ఇదొక్కటే.

గుంతలో దిగితే చాలు, స్టీరింగు చక్రం నా చేతుల్లో టక్కున లేచి మళ్లీ కూర్చునేది. పెద్దవాళ్లెవరో గదిలోకి వచ్చినట్టు అంత మర్యాద. దానికి కారణం మానుకోట రోడ్లని మా ఆయన తేల్చాడు. నున్నటి రోడ్డు మీద కూడా లేచి కూర్చుంటుంటే టైర్లలో గాలి అన్నాడు. గాలి కొట్టించాక వీల్ అలైన్‌మెంట్ అన్నాడు. అదీ చేయించాం. ఆ తర్వాత కారు గీత గీసినట్టు తిన్నగా పోయేది, స్టీరింగు మాత్రం ఎప్పట్లాగే ఊగేది. మా మరిది ఫోనులో ఎవరివో వీడియోలు చూసి, స్టీరింగు మొత్తం పీకి కొత్తది వేయాలన్నాడు. ఆ వీడియోలోని కారుకు స్టీరింగు ఎడమవైపు ఉంది. అదేమంత పెద్ద తేడా కాదన్నాడు.

వెనక సీట్లో కూర్చునే మా అత్తమ్మ మాత్రం ఎక్కినప్పుడల్లా ఒకే మాట అనేది. "గా పాటల డబ్బా పెట్టినకాన్నుంచే గిట్లయితాంది బిడ్డా."

"అవ్వా, పాటలకూ స్టీరింగుకూ ఏం సంబంధమే?" అని మా ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వాను. చదువుకున్నదాన్ని కదా.

ఆ పాటల డబ్బా ఆయన సొంత కళాఖండం. దుకాణంలో ఇస్తే సరిగ్గా బిగించరని, ఒక ఆదివారం తానే పూనుకున్నాడు. ఆ రోజు పొద్దంతా కారు తలుపులోంచి ఆయన కాళ్లు తప్ప మనిషి కనిపించలేదు. సాయంత్రానికి పాటలు వచ్చాయి. హారన్ పోయింది. తర్వాత హారన్ కూడా వచ్చింది, అది వేరే కథ.

మా తమ్ముడి కొడుక్కి పుట్టు వెంట్రుకలు తీసే దావత్‌కని మొగుళ్లపల్లి బయలుదేరాం. అది మా పుట్టిల్లు. నర్సంపేట మీదుగా వచ్చి, రేగొండ దాటాక ఒక బర్రె రోడ్డుకు అడ్డంగా వచ్చింది. బ్రేకు వేశాను. బర్రె ఆగింది, కారు ఆగింది, స్టీరింగు మాత్రం ఆగకుండా వచ్చి నా తొడల మీద పడింది. కాలు మెల్లగా పక్కకు తీసి చూస్తే అది అక్కడే, అలిగిన పిల్లలా నా ఒళ్లో ఉంది.

"ఏమో పడ్డట్టుంది బిడ్డా?" అంది అత్తమ్మ.

"స్టీరింగు, అత్తమ్మా."

"పడలే," అన్నాడు మా ఆయన. "జర కిందికి దిగింది, గంతే."

కొంచెం దిగిన ఆ స్టీరింగు కిందినుంచి నా మోకాళ్లు బయటికి లాక్కోవడానికి సీటు వెనక్కి జరపాల్సి వచ్చింది. అదే వేగంగా పోతున్నప్పుడు దిగి ఉంటే అనే ఆలోచన అప్పుడు గానీ రాలేదు. మా ఆయనకు కూడా వచ్చినట్టుంది, ముఖం తెల్లబడింది. అయితే ఆయనకు భయం వేస్తే అది కోపంగానే బయటికి వస్తుంది. ఫోను తీసి జనగామకు కలిపాడు.

"ఏం బండి అంటగట్టినవ్‌రా? స్టీరింగు ఊడి ఒళ్ల పడ్డది. మా అవ్వ ఉన్నది బండ్ల. తెలిసే మోసం చేసినవ్ నువ్వు!"

అటువైపు స్నేహితుడు ఏదో చెప్పబోయాడు. మా ఆయన వినలేదు. ఫోను పెట్టేసి, న్యాయం జరిగినట్టు చుట్టూ చూశాడు. సాక్షులు అత్తమ్మ, నేను, బర్రె.

నేను కిందికి దిగి స్టీరింగు చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపాను. టైర్లు కదలలేదు, లోపల స్టీరింగు రాడ్డు మొత్తం ఊగింది. అంటే జబ్బు టైర్లది కాదు, రాడ్డును డ్యాష్‌బోర్డు కింద పట్టి ఉంచేదేదో వదిలేసింది. స్టీరింగు కింద తల పెట్టి, ఫోను లైటు వేసి చూశాను. రాడ్డును పట్టి ఉంచే ఇనుప పట్టీకి నాలుగు బోల్టులు ఉండాలి. వెనకవి రెండూ సగం దాకా ఊడి వేలాడుతున్నాయి. ముందు ఒకటి వేలితో తిప్పితే తిరిగింది. దాని పక్కన బోల్టు ఉండాల్సిన చోట ఖాళీ రంధ్రం ఉంది. ఆ రంధ్రం పక్కనుంచే, నీలం టేపు చుట్టిన వైర్లు పాటల డబ్బా వైపు సాగిపోతున్నాయి.

"నువ్వు ఒకసారి వచ్చి చూడు," అన్నాను.

ఆయన వంగి చూశాడు. ఆయన తల చాలాసేపు ఆ కిందే ఉండిపోయింది.

"వైరు పోనియ్యనీకె ముందటి రెండు ఇప్పిన," అన్నాడు చివరికి, డ్యాష్‌బోర్డుతో.

"మళ్లీ బిగించినవా?"

"ఒకటి బిగించిన. చేతితోని."

అత్తమ్మ పల్లీల సంచి విప్పి తినడం మొదలుపెట్టింది. ఆ నమలడంలో ఉన్న తృప్తి నేను మర్చిపోలేను.

ఆయన ఆటో ఎక్కి రేగొండ వెళ్లి, ట్రాక్టర్ల సామాను దుకాణంలో అలాంటి బోల్టొకటి, పానా ఒకటి తెచ్చాడు. చక్రాన్ని భుజంతో పైకి ఎత్తి పట్టుకోవడం ఆయన పని, కింద పడుకుని బిగించడం నా పని. నాలుగింటినీ ఇక తిరగవన్నంత దాకా బిగించాను. పెడళ్ల దగ్గర రాడ్డు అతుకు కూడా ఊపి చూశాను, అది గట్టిగానే ఉంది. పట్టుచీర మాత్రం చూసేలా లేదు.

"మీ దోస్తుకు ఫోన్ చేసి చెప్పు," అన్నాను.

"చెప్త తియ్, తొందరేమున్నది," అన్నాడు.

తొందర ఉన్నది స్నేహితుడికి. మా మరిదికి ఫోన్ చేసి మేం ఎక్కడున్నామో కనుక్కుని, ఎండ తగ్గే వేళకు ఆయన గోనెసంచి భుజాన వేసుకుని మొగుళ్లపల్లిలో మా పుట్టింటి గుమ్మంలో దిగాడు. అందులో, జనగామలో పాత ఇనుప సామాను దుకాణాలన్నీ తిరిగి సంపాదించిన స్టీరింగు రాడ్డు ఉంది. బస్సుల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట.

"నాకు నిజంగ తెల్వదు చెల్లె," అన్నాడు నాతో. "తెలిస్తే ఇస్తనా? పొద్దటి సంది నాకు పానం పానంల లేదు."

మా ఆయన మటన్ గిన్నె దగ్గర నిలబడి గరిటెను పరీక్షిస్తున్నాడు. "ముందు తిను రా," అన్నాడు.

"తిండి ఏడికి పోతది, ముందు బండి చూద్దాం," అని స్నేహితుడు నేరుగా కారు దగ్గరికి వెళ్లి కింద దూరాడు. ఇంకా బయటికి రాకముందే ఆయన గొంతు వినిపించింది. "గిదేందిరా, కొత్త బోల్టు? గీ నీలం టేపెవనిది?"

మా ఆయన చెప్పాడు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా నత్తి నత్తిగా చాలాసేపు చెప్పాడు.

స్నేహితుడు చేతులు తుడుచుకున్నాడు. "నువ్వు ఫోన్ల ఒర్లుతుంటే మా ఇంటిది పక్కకే ఉన్నది. మోసగాడు అన్నవ్ గదరా నన్ను," అన్నాడు. అరవలేదు. సంచి అక్కడే వదిలేసి, ఎంత బతిమాలినా ముద్ద ముట్టకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు. మా ఆయన ఆ పూట తినలేదు. వెటకారానికి నాకు మాటలు బోలెడు ఉన్నాయి గానీ, ఆ ముఖం చూసి ఒక్కటీ వాడలేదు.

మొగుళ్లపల్లి నుంచి మహబూబాబాద్‌కు జనగామ మీదుగా ఎవరూ పోరు. మరునాడు నేను పోయాను. ఎటు పోతున్నావని ఆయన అడగలేదు.

దుకాణంలో స్నేహితుడు చీరలు మడతపెడుతున్నాడు, ఆయన భార్య, నాకు వరుసకు వదిన, గల్లా దగ్గర ఉంది. మమ్మల్ని చూసి ఇద్దరూ లేవలేదు.

"చెల్లె, తప్పు నాది," అన్నాడు మా ఆయన ఆమెతో. "బోల్టు నేనే ఇప్పిన, నేనే పెట్టలే. వాని తప్పేం లేదు."

"నాకు తెల్సు అన్నా," అంది వదిన. "నువ్వు చెప్పకముందు గూడ తెల్సు. ఇరవై ఏండ్ల సంది గీయనతోని ఉంటున్న. కానీ గీయనకు రాత్రి నిద్ర లేదు, గదానికేమంటవో జెప్పు."

స్నేహితుడు చీర మీంచి తల ఎత్తలేదు. "నాకు సరిగ్గ వినవడలే. జర గట్టిగ అనమను," అన్నాడు.

మా ఆయన గట్టిగా అన్నాడు. చీరలు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు, బేరం ఆపి మరీ, ఈ బోల్టు ఎవరు పెట్టలేదో శ్రద్ధగా విన్నారు.

అప్పుడు స్నేహితుడు చీర పక్కన పెట్టి చెయ్యి చాచాడు. "తాళం చెవులియ్, చూస్త."

ఇద్దరూ కారెక్కి వెళ్లిపోయారు. రెండు వీధులు తిరిగి రావడానికి పట్టాల్సిన సమయం కంటే చాలా ఎక్కువే పట్టింది. ఆలోపు వదిన నాకూ అత్తమ్మకూ చాయ్ పోసి, నేను చేతిసంచిలో తెచ్చిన పట్టుచీర మీది గ్రీసు మరకలు చూసి గోరువెచ్చటి నీళ్లు, సబ్బు తెచ్చింది. వాళ్లు తిరిగొచ్చినప్పుడు చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం ఉంది. ఏ దుకాణం బజ్జీలు మంచివో అని ఇద్దరూ గొంతు చించుకుని కొట్లాడుకుంటున్నారు.