నాయనమ్మ నొప్పి, తాతయ్య నోరు

నా చిన్నప్పుడు చదువు నన్ను వెతుక్కుంటూ గద్వాలలో మా వీధిదాకా వచ్చింది గానీ, నేను మగ్గం గుంటలో దాక్కోవడంతో దొరక్క వెనక్కి పోయింది. మళ్లీ రాలేదు. నేనూ పిలవలేదు. అట్లా ఐదో తరగతి ముఖం చూడకుండానే తాతయ్య పక్కన కూర్చుని, చీర అంచు వైపు నాడె, అంటే అడ్డపోగును అటూ ఇటూ మోసే చెక్క, అందించే పనిలో పడ్డాను. బడికి పోయిన నా ఈడు పిల్లలు ఏమేం నేర్చుకున్నారో నాకు తెలియదు. ఇంట్లో ఉన్నందుకు నాకు మాత్రం ఒక పాఠం దొరికింది. దాన్ని నేర్పింది మా నాయనమ్మ.

తాతయ్య నేస్తుంటే నాయనమ్మ రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. కండె అంటే నాడెలో పెట్టే దారపు చుట్ట. అది అయిపోతే ఎంత మొనగాడి మగ్గమైనా నోరు మూయాల్సిందే. నాయనమ్మకు అప్పుడప్పుడు పొత్తికడుపులో నొప్పి వచ్చేది. రాట్నం ఆపి, ఒక చేత్తో నడుము పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. అరిచే మనిషి కాదు. కాసేపటికి తాతయ్య దగ్గర కండెలు నిండుకునేవి. అప్పుడుగానీ ఆయనకు ఆమె నొప్పి వినిపించేది కాదు.

వినిపించాక మాత్రం ఊరుకునేవాడు కాదు, అది చెప్పుకోవాలి. వెంటనే తువ్వాలు భుజాన వేసేవాడు. "నువ్వెందుకు నడుస్తవు, కూసో. నేను పోయి చెప్త గదా" అని తానే దవాఖానకు పోయేవాడు. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా అదే పద్ధతి. నొప్పి ఆడవాళ్లది, చెప్పడం మగవాళ్లది. డాక్టరు ముందు కూర్చుని "ఏం లేదు సారూ, జర కడుపునొప్పి. ఆడోళ్లకు ఉండేదే" అని చెప్పి, తెల్ల గోలీల పొట్లం తెచ్చేవాడు. దాంతోపాటు మిరపకాయ బజ్జీలు కూడా. కడుపునొప్పికి బజ్జీలేమిటని అడక్కండి, అది ఆయన ప్రేమ. ఎట్లాగూ తినేది నేనే.

ఇట్లా చాలాకాలం నడిచింది. గోలీలు మింగుతూనే నాయనమ్మ చిక్కిపోయింది. ముఖం నూలు పోగులా తెల్లబడింది. ఒకరోజు నీళ్ల బిందె ఎత్తబోయి అక్కడే కూలబడింది. "ఏం కాదులేరా, కళ్లు తిరిగినయ్" అన్నది గానీ, ఆ రోజు బిందె నేనే మోశాను. ఈమె మాకు దక్కదేమోనని మొదటిసారి భయమేసింది.

ఆ తర్వాత ఒక ఉదయం తాతయ్య చెంప వాచింది. బుగ్గలో కండె దాచుకున్నాడా అన్నంత. పన్నునొప్పి. మాట పెగలడం లేదు గానీ, మూలుగు వీధంతా వినిపిస్తోంది. ఆయన తువ్వాలు కోసం చెయ్యి చాపితే, నాయనమ్మ దాన్ని తీసి తన భుజాన వేసుకుంది.

"నువ్వెందుకు నడుస్తవు, కూసో. నేను పోయి చెప్త గదా."

తాతయ్య ఏదో అనబోయాడు. నొప్పికి నోరు మళ్లీ మూతపడింది. నాయనమ్మ నా భుజం ఆసరా చేసుకుని బయల్దేరింది. "నడుమ నోరు తెరిసినవో, బజ్జీలు బంద్" అని నాకు ముందే హెచ్చరిక.

"ఎవరికమ్మా?" అన్నాడు డాక్టరు.

"మా ఇంటాయనకు సారూ. ఏం లేదు, జర పన్నునొప్పి. మొగోళ్లకు ఉండేదే. గోలీలియ్యుండ్రి, తీస్కపోత."

డాక్టరు నవ్వాడు. "మనిషిని చూడకుండ మందెట్ల ఇస్తమమ్మా? తోల్కరా పో."

నాయనమ్మ కూడా నవ్వింది. "అట్లనే సారూ" అని లేచింది. ఉత్తచేతులతో తిరిగొస్తూ ఆమె అంత సంతోషంగా ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి తాతయ్యతో, "నిన్ను చూడకుండ మందియ్యడంట" అన్నది.

తాతయ్య చెంప పట్టుకుని విసుక్కున్నాడు. "చూడకుండ ఎట్లిస్తడే? పన్ను నాది గదా!"

నాయనమ్మ గోడగూట్లోంచి మిగిలిన తెల్ల గోలీల పొట్లాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"మరి గివి ఎవర్ని చూసి ఇచ్చిండు?"

తాతయ్య మూలుగు ఆపాడు. ఆయన పొట్లాల వైపు చూశాడు, తర్వాత ఆమె ముఖం వైపు. ఆ ముఖాన్ని ఆయన అంతసేపు చూడడం అదే మొదటిసారి అనుకుంటా. లేచి, చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

ఇద్దరూ పోయారు, వెనక నేను. డాక్టరు అలవాటు కొద్దీ తాతయ్యనే అడిగాడు, "ఈమెకేంది పెద్దాయనా?" అని.

తాతయ్య వాచిన చెంపతో ముద్దముద్దగా అన్నాడు: "ఆమెకు నోరున్నది సారూ. ఇయ్యాల లేనిది నాకే."

నాయనమ్మ మగవాళ్ల ముందు తలొంచుకుంది. నర్సమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకుపోయింది. అక్కడ మొదలైన మాట ఎంతకీ ఆగలేదు. తాతయ్య పన్ను సంగతి మరిచిపోయి, "గింత ముచ్చట ఆమె దగ్గర ఉన్నదారా?" అని నన్నడిగాడు. ఉంది. నెలనెలా ఆగని రక్తం, ఎవరికీ చెప్పుకోలేని సిగ్గు, అన్నీ ఉన్నాయి. ఇవన్నీ కలిపి మా తాతయ్య నోట్లో 'జర కడుపునొప్పి' అయ్యాయి.

గర్భసంచిలో గడ్డ అన్నారు. కర్నూలు తీసుకుపోతే ఆపరేషన్ చేశారు. నాయనమ్మ ఇల్లు చేరి మంచం మీద ఉన్నన్నాళ్లూ తాతయ్యే రాట్నం తిప్పాడు. దారం కండెకు చుట్టుకున్నది తక్కువ, ఆయన వేళ్లకు చుట్టుకున్నది ఎక్కువ. ఆమె మంచంలోంచి చూసి కుట్లు పట్టుకుని మరీ నవ్వేది. ఆ తర్వాత నా పెళ్లి చేసి, నా పిల్లల్ని ఎత్తుకుని, తాతయ్యకంటే ఎక్కువకాలమే బతికింది.

నేనిప్పుడు తాతనయ్యాను. ఆ రోజు నుంచి దవాఖానలో నా నోటికి తాళం. మొన్న మా ఇంటామె ఛాతీలో బరువుగా ఉందన్నది. వీధిలో అందరూ గ్యాస్ అన్నారు. నేను వినలేదు, తీసుకుపోయాను. ఇప్పటి డాక్టరు కూడా నా వైపే చూసి "ఏమైంది తాతా ఈమెకు?" అన్నాడు. "ఆమెనే అడుగు బిడ్డా" అని చేతులు కట్టుకుని కూర్చున్నాను. అన్నీ చూసి, బీపీ ఎక్కువుందని మందులిచ్చి పంపాడు. భయమేం లేదన్నాడు.

బయటికొచ్చాక కాలరెగరేశాను. "చూసినవా, ఒక్క మాట గూడ మాట్లాడలే నేను."

మా ఇంటామె ఆగి, నన్ను కిందికీ మీదికీ చూసింది.

"నోరు మూసుకున్నవు సరే. నేను చెప్పే ఒక్కో మాటకు తలకాయ ఎందుకు ఊపినవ్? నా నొప్పికి మల్ల నీ 'ఔను' ఎందుకయ్యా?"