ముందు రెండు కొత్తవి

మా అక్క వాళ్ళ ఇంట్లో, చుట్టాలందరి ముందు, మా బావ నన్ను ఒకసారి "మంచులో నట్లు లెక్కపెట్టొచ్చిన మనిషి" అని పరిచయం చేశాడు. తొంభైల చివరి రోజుల మాట. హిమాచల్‌లో ఒక జలవిద్యుత్ ప్రాజెక్టులో స్టోర్సు అధికారిగా కొన్ని చలికాలాలు గడిపి, ఉద్యోగం మారి అప్పుడే బెంగళూరు వచ్చాను. అందరూ నవ్వారు. ఎవరు ఏ కుర్చీలో కూర్చుని నవ్వారో ఈ రోజు అడిగినా చెప్పగలను.

నేను అక్కడ లెక్కపెట్టింది నట్లు కాదు. సైటులో ఉన్న జీపులకూ లారీలకూ ఏ టైర్లు తెప్పించాలో తేల్చే పని నాది. తప్పుడు టైరు తెప్పిస్తే ఆ బండిలో వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి తిరిగొస్తారో లేదో తెలియదు. అందుకని నేను టైర్లు ఎంచే ముందు ఆ బండ్లలో కూర్చుని మంచు మీద తిరిగి చూసేవాణ్ణి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి మంచులో ఎక్కడం చూస్తే ఎవరికైనా గర్వం పుడుతుంది. ఎక్కడం ఇంజను పని. ఆగడం, తిరగడం టైరు పని. దిగేటప్పుడు ఆ బండికీ మామూలు బండికీ తేడా ఏమీ లేదు, బరువు ఎక్కువ కాబట్టి ఇంకొంచెం అధ్వాన్నం. చలికి రబ్బరు గట్టిపడితే టైరు చెక్క పీటలా జారుతుంది. దాని ముఖం మీద సన్నటి గాట్లు దగ్గరదగ్గరగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, నాలుగూ ఒకే రకం, ఒకే అరుగుదలలో ఉండాలి. ఇంత తెలిసిన మనిషిని నట్లు లెక్కపెట్టేవాడన్నారు.

కొన్నేళ్ళకు మా బావ వైట్‌ఫీల్డ్‌లో పెద్ద మేనేజరయ్యాడు. నాలుగు చక్రాలూ లాగే పెద్ద కారు కొన్నాడు. కొన్నాక దాన్ని ఎక్కడో ఒకచోట ఎక్కించి చూపించాలి కదా. డిసెంబరు సెలవుల్లో హిమాచల్ దాకా తానే నడుపుకుంటూ వెళ్తానని ప్రకటించాడు. అక్క సరేనంది. మా అమ్మాయినీ తీసుకెళ్తామన్నారు. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. నాకూ నా భార్యకూ సెలవు దొరకలేదు. మంచు అనే మాట వినగానే పిల్ల ఇల్లంతా గెంతింది. ఉన్ని టోపీ కొనిపించుకుని నవంబరు ఎండలో పెట్టుకుని తిరిగింది.

నేను అడిగింది ఒక్కటే. "బావా, టైర్ల సంగతేం చేశారు?"

"నాలుగు చక్రాలూ తిరుగుతాయప్పా. దీనికి టైర్లతో ఏం పని? కంపెనీవాడు పిచ్చోడా?"

పిలవకపోయినా ఆ శనివారం టైర్ల షాపుకు నేనూ వెళ్ళాను. మా బావ అప్పటికే రెండు కొత్త టైర్లు ఎంచేశాడు. బురదలో నడిచే రకం, ముఖం మీద గులకరాళ్ళంత దిమ్మెలు. రెండే. అవి ముందు వేసి, ముందున్నవి వెనక్కి మార్చి, వెనకవి షాపువాడికి ఇచ్చేస్తారట. బెంగళూరులో అందరూ చేసేది ఇదే. కొత్తవి ఎప్పుడూ రెండేసి కొంటారు, ఎప్పుడూ ముందే వేస్తారు. స్టీరింగు ముందుంది కాబట్టి ప్రాణం ముందుంటుందని నమ్మకం.

"ఈ బండికి అట్లా వేయకూడదు బావా," అన్నాను. "నాలుగూ ఒకటే రకం ఉండాలి. ముందు పట్టి వెనక జారితే దిగుడులో తోక తిరుగుతుంది. పైగా ఈ దిమ్మెలు బురదకు పనికొస్తాయి గానీ గట్టి మంచు మీద పట్టవు."

షాపు యజమాని నావైపు జాలిగా చూశాడు. "సార్, నేను ఇదే రోడ్డులో ఎన్నో ఏండ్లుగా టైర్లు వేస్తా ఉండా. ముందు కొత్తది, వెనక పాతది. యారూ, ఒక్కడూ కంప్లైంటు చెప్పలేదు."

"చెప్పేవాడు మిగిలితే కదా," అన్నాను.

మా బావ ఆయన భుజం తట్టాడు. "మా బామ్మర్ది స్టోర్సు ఆఫీసరప్పా. ఆయన మాటకు ఎదురు చెప్పొద్దు. కాఫీ తెప్పించు, కూల్ అవుతాడు."

కాఫీ వచ్చింది. నేను తాగలేదు. టైర్లు వేశారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, మా బావ వాటిని తొక్కించుకుంటూ రోడ్డెక్కాడు. వెనక్కి తిరిగి చేయి ఊపాడు. అది నమస్కారమో వెక్కిరింతో నాకు బాగా తెలుసు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను. ఆ టైర్లతో అయితే పిల్లను పంపను.

పిల్ల కంచం ముందు నుంచి లేచిపోయింది. గదిలో ఏడుపు వినిపించింది. నా భార్య చేయి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మీకు ఆయన మీద కోపం. ఆ కోపాన్ని పిల్ల మీద తీరుస్తున్నారు."

"కోపం ఉంది. లేదన్నానా? టైర్లు కూడా ఉన్నాయి."

"ఆయనకు ఏమన్నా అయితే మీ అక్కకు కాదా? ఆవిడకు లేని భయం మీకెందుకు?"

ఇదే నాకు ఎప్పుడూ జరిగే అన్యాయం. నేను నిజం చెప్పినా దాని వెనక పాత లెక్క ఏదో ఉందనుకుంటారు. పాత లెక్క ఉన్నంత మాత్రాన మంచు జారకుండా ఉంటుందా? మాట అక్క దాకా వెళ్ళింది. అక్క ఫోను చేసి, "రేయ్, పిల్ల మనసు కష్టపెట్టొద్దురా. ఆదివారం దేవనహళ్ళి వైపు ద్రాక్షతోటకు పోతాండాం, మీరూ రాండి. అక్కడ మీ బావ నీకు చూపిస్తాడంట," అంది.

చూపించడమంటే నాకు బుద్ధి చెప్పడమని అర్థం. వెళ్ళాను.

ఆ తోట మా బావ స్నేహితుడిది. ముందు రోజంతా వాన పడింది. తోట లోపల గట్టు మీదికి ఎర్రమట్టి బాట ఒకటి ఉంది. ఎక్కితే పైన షెడ్డు, అటువైపు దిగితే బాట మలుపు తిరిగి ద్రాక్షపందిరి పక్కనుంచి పోతుంది. ఆ పందిరికి ఆసరాగా వరసగా పాతిన రాతి కూసాలు, మనిషి ఎత్తు స్తంభాలు. మలుపు సరిగ్గా వాటి ముందే.

"ఇదే నీ మంచు అనుకో," అన్నాడు మా బావ. "కూర్చోప్పా ముందు సీట్లో. నీ కళ్ళతో చూడు."

వెనక సీట్లో అక్క, మా అమ్మాయి ఎక్కి కూర్చున్నారు. నా భార్య, తోట యజమాని ముందే నడిచి పైన షెడ్డు దగ్గర నిలబడ్డారు. నేను పిల్లను దిగమన్నాను.

"నేను దిగను నాన్నా."

"దిగు."

"రేయ్, ఉండనీరా," అంది అక్క. "తోటలో తిరగడానికి కూడా నీ పర్మిషన్ కావాల్నా?"

మా బావ అద్దంలోంచి పిల్లను చూసి కన్ను గీటాడు. "మీ నాయనకు స్టోర్సు లోపల ఉంటేనే ధైర్యం."

పిల్ల నవ్వింది. నా కూతురు కూడా. నేను బెల్టు పెట్టుకుని, వెనక్కి తిరిగి పిల్ల బెల్టు బిగించి, అక్కను కూడా పెట్టుకోమన్నాను. విసుక్కుంటూనే పెట్టుకుంది.

కారు ఎక్కింది. అబద్ధం చెప్పను, అద్భుతంగా ఎక్కింది. మట్టి ముద్దలు ముద్దలుగా లేస్తుంటే ఒక్కచోట కూడా తడబడకుండా గట్టు మీదికి వచ్చేసింది. పిల్ల చప్పట్లు కొట్టింది. మా బావ నావైపు చూసి స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేశాడు. ఆ తాళం మాటకంటే ఎక్కువ గుచ్చుకుంది.

"ఎక్కడం సరే. ఇప్పుడు దిగండి," అన్నాను. "మెల్లగా బావా. మలుపు దగ్గర బ్రేకు తొక్కొద్దు, ముందే వేగం తగ్గించుకోండి."

"ఊరికే ఉండప్పా."

ఎక్కినంత హుషారుగానే దిగడం మొదలుపెట్టాడు. మలుపు దగ్గరైంది. కూసాలు కనబడ్డాయి. అప్పుడు మా బావ పాదం బ్రేకు మీదికి పోవడం నేను చూశాను. ముందు చక్రాలు మట్టిని పట్టుకున్నాయి. వెనకవి పట్టలేదు. ముక్కు ఆగినట్టయింది, వెనక భాగం మాత్రం తన దారిన తాను మెల్లగా పక్కకు తిరగసాగింది. శబ్దం లేదు. నా కిటికీలోంచి దూరంగా కనబడుతున్న పందిరి ఇప్పుడు నా పిల్ల కిటికీ వైపుకు జరుగుతోంది. మా బావ స్టీరింగు ఒకవైపు తిప్పాడు, మళ్ళీ ఇంకోవైపు తిప్పాడు. కారుకు ఆయనతో సంబంధం లేదు.

"బ్రేకు వదలండి! వదలండి బావా!"

వదిలాడు. చక్రాలు మళ్ళీ దొర్లాయి, తోక కాస్త వెనక్కి సర్దుకుంది. అయినా పూర్తిగా కాదు. వెనక మూల ఒక కూసానికి కొట్టుకుంది. పిల్ల కూర్చున్న తలుపుకు జానెడు వెనక. కారు ఆగింది.

పందిరి మీది నీళ్ళు కాసేపు టపటపా పడుతూనే ఉన్నాయి. పిల్ల ఏడవలేదు. "అయిపోయిందా నాన్నా?" అని అడిగింది. నేను దిగి, దాన్ని ఎత్తుకుని, బాట పక్కకు పోయి నిలబడ్డాను.

మా బావ దిగి వెనక్కి వెళ్ళి చూశాడు. మూల పడిన సొట్టను బొటనవేలితో తడిమాడు. ఆఖరికి పైనుంచి దిగొచ్చిన తోట యజమానితో, "ఈ కూసం బాట మీదికి వచ్చేసి ఉండాది కదప్పా, వెనక్కి నాటించుకోవాల్నా వద్దా?" అన్నాడు.

అప్పుడు దిగింది అక్క. చీర కుచ్చిళ్ళు ఎర్రమట్టిలో ఈడుస్తూ ఆయన ముందుకు వచ్చింది. మా అక్క నా తరఫున మాట్లాడటం అంతకు ముందు నేను వినలేదు.

"కూసం నా పెండ్లికి ముందు నుంచీ ఆడే ఉండాది. నాలుగూ ఒకటే రకం, వాడు చెప్పినవి వేయించు. లేదా నేనూ రాను, పిల్లా రాదు. ఒక్కడివే పోయి మంచుకు నీ కారు చూపించుకో."

"బురద వేరే, మంచు వేరే..."

"వేరేనే. అది ఇంకా జారతాదంట."



ఆ వారం ఆయన షాపుకు వెళ్ళి నాలుగు టైర్లు మార్పించుకున్నాడు. నన్ను పిలవలేదు. ఏవి వేయాలో మాత్రం అక్క చేత ఫోను చేయించి అడిగించాడు. అసలైన చలికాలపు టైర్లు బెంగళూరులో దొరికే రోజులు కావు. ఉన్నవాటిలో సన్నగాట్ల రకం, కారుతో వచ్చిన కొలతలోనే, నాలుగూ కొత్తవి వేయమన్నాను. వెడల్పువి వద్దన్నాను, సన్నటి టైరు మంచును నొక్కి కిందికి దిగుతుంది. కొండ కింది ఊళ్ళో చక్రాలకు చుట్టే గొలుసులు అద్దెకిస్తారు, తీసుకొమ్మన్నాను. రోడ్డు గాజులా మెరిసే చోట ఏ టైరూ పట్టదు, అక్కడి నుంచి వెనక్కి తిరగమన్నాను. "నాలుగు చక్రాలూ తిరిగితే చాలదు, ఆగాలి కూడా అని చెప్పు," అన్నాను. అక్క అవతల ఒక్కో వాక్యాన్నే ఆయనకు వినిపించింది. ఆయన వింటున్నాడని ఊపిరి చప్పుడును బట్టి నాకు తెలిసింది.

పిల్లను పంపాను. పంపిన క్షణం నుంచి నా ప్రాణం ఫోను మీదే. వాళ్ళు కొండ ఎక్కే రోజు సిగ్నలు లేదు. ఆఫీసులో కూర్చుని ఆ నల్లటి సెల్‌ఫోనును తిప్పి తిప్పి చూశాను. టైర్లు నేనే ఎంచాను. కానీ బ్రేకు మీద కాలు ఆయనది.

చీకటి పడే వేళకు పిల్ల ఫోను చేసింది.

"నాన్నా, మేం పై దాకా పోలేదు! రోడ్డు అద్దంలాగా ఉండింది. మామ కారాపి, దిగి, బూటుతో రుద్ది చూసి, వెనక్కి తిప్పేశాడు. వెనకున్న కారువాళ్ళు నవ్వారు. మామ వాళ్ళకు చెప్పాడు, నాలుగు చక్రాలూ తిరిగితే చాలదు, ఆగాలి కూడా అని. భలే చెప్పాడు కదా?"

"భలే చెప్పాడు," అన్నాను.

ఆ మాట నాదని పిల్లకు చెప్పలేదు. ఫోను పెట్టేశాక నా భార్యకు చెప్పాను, చాలాసార్లు.

ఇప్పటికీ ఏ పెళ్ళిలో కలిసినా మా బావ మంచు ప్రయాణం కథ చెబుతాడు. అందులో టైర్లు ఆయనే ఎంచుతాడు, ద్రాక్షతోట ఉండదు. కారుకు వెనక మూల సొట్ట అలాగే ఉంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ మూల గోడవైపు ఉండేలా పార్కింగు చేస్తాడు. వాళ్ళు బయల్దేరేటప్పుడు నేను సాగనంపడానికి వెళ్ళి, గోడకూ కారుకూ మధ్య ఉన్న ఆ సందులోనే, సొట్ట పక్కన నిలబడతాను.