కడగని నూకలు

ఓట్స్ పెట్టమని రాసిచ్చారు.

అక్కకు గొంతు ఆపరేషన్ అయ్యింది. ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టం తీసిన రోజున, నంద్యాలలోని ఆ ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి నా చేతిలో ఒక అచ్చు కాగితం పెట్టింది. పొద్దున ఓట్స్, పదకొండింటికి సూపు, మధ్యాహ్నం మెత్తటి కిచిడి, సాయంత్రం మళ్ళీ ఓట్స్. పైన ఖాళీ గీత మీద అక్క పేరు పెన్నుతో రాశారు. మిగతాదంతా అందరికీ ఒకటే. ఊరు దాటి ఎటు పోయినా నల్లరేగడి, జొన్న చేలు. ఆ కాగితంలో మాత్రం జొన్న అన్న మాట ఒక్కచోట లేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల ఉద్యోగం ఆ పిల్ల చేసింది, నిజమే. కానీ ఆ రోజుల్లో నాకు ఎవరిని చూసినా మండుతూనే ఉండేది.

అసలు మాట డాక్టరు చెప్పారు. సోమవారం మళ్ళీ చూస్తానన్నారు. అప్పటికి పూటకు ఒక గిన్నెడైనా నోటితో తినగలగాలి. బరువు ఇంకా తగ్గితే గొట్టం తిరిగి వేయక తప్పదు. అది బుధవారం.

ఆ గొట్టంతో అక్క పన్నెండు రోజులు పడిన అవస్థ నేను కళ్ళారా చూశాను. నిద్రలో రెండుసార్లు లాగేసుకోబోయింది. రెండోసారి నర్సులు గుడ్డపీలికలతో ఆమె చేతుల్ని మంచానికి కట్టేశారు. మా ఇద్దరికీ, అంటే నాకూ తమ్ముడికీ, తల దువ్వి, బట్టలు ఉతికి, బడికి పంపిన చేతులవి. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది అక్క. మా నాయన పోయాక అమ్మ కూలికి పోయేది, ఇల్లంతా అక్క మీదే. ఆళ్ళగడ్డ దగ్గర మా పల్లెలో అందరూ ఆమెను మా అమ్మనే అనుకునేవాళ్ళు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా, పిల్లలు ఇంకొంచెం పెద్దగా కానీ అనేది. మేం పెద్దయ్యేసరికి అడిగేవాళ్ళు లేకుండా పోయారు.

డాక్టరు బయటికి పోయాక అక్క నా కొంగు పట్టుకుంది. గొంతు పెగలడం లేదు. చెవి ఆమె నోటి దగ్గర పెడితే గానీ వినపడదు.

"మళ్ళీ ఆ గొట్టం వద్దు మే" అంది.

ఇంటికి తెచ్చుకున్నాను. గురువారం నుంచి మొదలైంది మా ఇంట్లో ఊరేగింపు. మా చర్చి సంఘం ఆడవాళ్ళు ప్రార్థనకు వచ్చారు. ప్రార్థన పది నిమిషాలు, సలహాలు గంట. ఒకామె కొబ్బరినీళ్ళంటుంది, ఒకామె బొప్పాయంటుంది, ఒకామె తన ఆడబిడ్డకు ఇలాగే అయిందని మొదలుపెట్టి, చివరికి ఆ ఆడబిడ్డ ఏమైందో అక్క ముందే చెప్పబోయింది. కాఫీ ఇస్తానని చెప్పి ఆమెను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాను.

ఆళ్ళగడ్డలో పురుగుమందుల అంగడి పెట్టుకున్న మా తమ్ముడు, తాను రాకుండా, ఒక ప్రొటీన్ పొడి డబ్బా పంపాడు. చాక్లెట్ వాసన. ఒక్క గుక్క లోపలికి పోయిందో లేదో అక్క దాన్ని కక్కేసింది. ఓట్స్ జిగురు ముద్దలై గొంతులో నిలబడ్డాయి. పలుచగా గంజి పోస్తే పొలమారింది, దగ్గి దగ్గి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు ఆపరేషన్ అయినవాళ్ళకు నీళ్ళలాంటివి ఇవ్వకూడదట, చిక్కగా, మెత్తగా, జారేటట్టు ఉండాలట. ఈ మాట ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగితే చెప్పారు. కాగితంలో రాయొచ్చు కదా!

చిక్కగా, మెత్తగా, జారేటట్టు అనగానే నాకు పాలసంకటి గుర్తొచ్చింది. అది మా ఇంటి పేరు, బయట ఏమంటారో నాకు తెలియదు. జొన్న నూకల్ని గట్టి ముద్ద కాకుండా, పలుచటి జావా కాకుండా, చాలాసేపు ఉడికించి, పాలు పోసి, దించాక వెన్న వేసేది అక్క. మాకు ఒక గేదె ఉండేది. పాలన్నీ పాల కేంద్రానికి పోసినా, ఒక చిన్న చెంబెడు మాత్రం పిల్లలకని ఆపేది. ఆ నూకలు నోట్లో వేసుకుంటే నమలాల్సిన పనే ఉండేది కాదు. అక్క వండింది కదా, అక్కకే వండి పెడదామనుకున్నాను. ఇంత తెలివి నాకు ముందురోజే ఎందుకు రాలేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

మా వీధి చివర పిండిమర ఉంది. జొన్నలు నూకలుగా పట్టిస్తావా అప్పా అని అడిగాను.

"నూకలా? కోళ్ళకా మేడమ్?" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. మీ అవ్వ, మీ తాత ఏం తిని బతికారో ఇంటికి పోయి కనుక్కోమన్నాను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నోరు నాది, మామూలుగా అన్నా వీధంతా వినపడుతుంది. అతను మర వైపు చెయ్యి చూపించాడు. రాయి పిండికి బిగించి ఉందని, గోధుమల వాళ్ళు వరుసలో ఉన్నారని, నా రెండు శేర్ల కోసం మర విప్పలేనని అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

శుక్రవారం పొద్దున్నే అక్కను మా ఆయనకు అప్పజెప్పి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అది అహోబిలం పోయే బస్సు, నిండా యాత్రికులే, నిలబడే పోయాను. తమ్ముడు బస్టాండుకు వచ్చాడు. తెల్లజొన్నలు ఎవరో రైతు దగ్గర తెచ్చి పెట్టాడు గానీ, అక్కకు ఇప్పుడు జొన్నలేంది, గొంతు గీరుకుంటుంది, పెద్ద అంగట్లో మంచి ప్యాకెట్ రవ్వ దొరుకుతుంది కదా అని దారి పొడుగునా నస పెట్టాడు. ఆ ప్యాకెట్ నేనూ చూశాను. మీద తలపాగా రైతు బొమ్మ నవ్వుతూ ఉంటుంది, లోపల పొట్టూ జిగురూ అంతా పోగొట్టుకున్న తెల్లటి ఇసుక ఉంటుంది. మనం సిగ్గుపడి వదిలేసిన తిండిని రంగు కాగితంలో చుట్టి మనకే ఆరోగ్యమని అమ్ముతుంటే, మనం చదువుకున్నవాళ్ళం కనుక కొనుక్కుంటున్నాం. ఈ సంగతి నడిరోడ్డు మీద తమ్ముడికి గట్టిగానే చెప్పాను. వాడు అటూ ఇటూ చూసి, సరే పా అక్కా అన్నాడు.

ఆళ్ళగడ్డలో పాత మర ఒకటి ఇంకా తిరుగుతోంది. ఆ ముసలాయన నన్ను కోళ్ళ సంగతి అడగలేదు. పిండి పట్టించుకునే వాళ్ళంతా పోయిందాకా కూర్చోబెట్టి, జొన్నల మీద ఇన్ని నీళ్ళు చిలకరించి, రాయి కాస్త పైకి లేపి, మెల్లగా పట్టించి ఇచ్చాడు. గింజ మూడు నాలుగు ముక్కలైంది, మధ్యలో మధ్యలో పిండి. సంచిలో చెయ్యి పెడితే వేడిగా ఉంది. గెలిచినట్టే అనిపించింది.

ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా పని మొదలుపెట్టాను. నంద్యాలలో ఇరవై ఎనిమిదేళ్ళుగా కాపురం నాది. ఇది సోనా బియ్యం ఊరు. మూడు నీళ్ళు పోసి, కుడితి నీళ్ళు తెల్లదనం పోయి తేటగా వచ్చిందాకా కడిగితే గానీ ఇక్కడ ఎవరూ బియ్యం పొయ్యెక్కించరు. నా చేతులకు అదే అలవాటు. నూకల్ని కూడా మూడుసార్లు కడిగి, ఆ తెల్లటి నీళ్ళన్నీ తూములో పారబోసి, కుక్కర్లో పెట్టి ఐదు విజిళ్ళు రానిచ్చాను. పాలు పోశాను, వెన్న వేశాను.

అక్క గిన్నెలోకి చూసింది. చెంచాతో తీసి పక్కకు వంచింది. నీళ్ళు ఒకవైపు జారాయి, నూకలు పలుకులు పలుకులుగా చెంచాలోనే నిలబడ్డాయి. నోట్లో పెట్టుకోనే లేదు.

"కడిగినావా?" అంది.

మూడుసార్లు కడిగానని గొప్పగా చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఊపిరి కూడదీసుకుంటూ, ఒక్కో మాటే చెప్పింది.

"జిగురంతా ఆ నీళ్ళలోనే ఉంటాది మే. పారబోస్తే ఇంకేముంది."

ఆ గిన్నె తీసుకుపోయి వంటింట్లో నిలబడి నన్ను నేను తిట్టుకున్నాను. ఆసుపత్రి పిల్లను మనసులో తిట్టాను, మరవాణ్ణి అన్నాను, తమ్ముణ్ణి నడిరోడ్డు మీద అన్నాను. జొన్న గురించి అందరికీ పాఠం చెప్పిన నేను జొన్నను బియ్యంలా కడిగాను. శనివారం నాడు అక్క రెండు చెంచాల మెత్తటి అరటిపండు తప్ప ఏమీ తినలేదు. బరువు చూస్తే ఇంకో అరకిలో తగ్గింది. పడుకున్నప్పుడు ముక్కును చేత్తో మూసుకుని పడుకుంటోంది, ఎవరో వచ్చి గొట్టం పెట్టేస్తారన్నట్టు.

ఆదివారం గుడికి పోలేదు. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసి అక్కను కూర్చోబెట్టాను. మాట్లాడి అలిసిపోకుండా చేతికి ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా ఇచ్చాను. నేను తప్పు చేస్తే చెంచాతో గ్లాసు మీద కొట్టమన్నాను.

గ్లాసెడు నూకలకు ఐదు గ్లాసుల నీళ్ళు పోసి అరగంట నానబెట్టాను. పొట్టు పైకి తేలింది. దాన్ని టీ వడగట్టే జల్లెడతో తీసేశాను, అంతే. పిండి కలిసిన నీళ్ళు నూకలతో పాటే పొయ్యెక్కాయి. మొదటి ఉడుకు వచ్చేదాకా చెక్క గరిటెతో తిప్పుతూనే ఉండాలి, లేకపోతే పిండి అడుక్కు దిగి అంటుకుంటుంది. ఉడుకు వచ్చాక మంట తగ్గించాలి. నాకు ఆ ఓపిక ఎక్కడిది! పది నిమిషాలకోసారి మంట పెంచబోయేదాన్ని. వెనక నుంచి గ్లాసు టంగుమనేది. గరిటె వదిలి ఫోన్ అందుకోబోతే టంగు. చిక్కబడింది కదా అని పాలు పోయబోతే రెండు టంగులు. వేడినీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ గంట తిప్పాను. ముప్పావు గంట దాకా నూక నూకగానే ఉంది. ఆ తర్వాత, ఎప్పుడు జరిగిందో తెలియదు, పలుకులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, బుడగలు గుబుక్ గుబుక్‌మని నెమ్మదిగా లేచాయి. అప్పుడు అక్క చెంచా పక్కన పెట్టి తలూపింది. పాలు పోశాను. ఉప్పు వేశాను. దించి, వెన్న వేసి కలిపాను. గరిటె ఎత్తితే మీగడలా జారింది.

మొదటి చెంచా నేనే పెట్టాను. మింగింది. పొలమారలేదు. రెండోది తనే తీసుకుంది. ఒక గిన్నె తినడానికి ముప్పావు గంట పట్టింది, కానీ అడుగుదాకా తిన్నది. గిన్నె ఖాళీ అయ్యాక సంతోషం ఆపుకోలేక, నాకు తెలుసక్కా, నీకిది ఎంత ఇష్టమో అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది.

"నేను యాడ తిన్యా?" అంది. "పాలు వెన్న పడినాక మీ ఇద్దరికే సాలేది కాదు. నేను వండిన కుండలో నీళ్ళు పోసుకొని, అడుగు గీక్కొని తాగుతాంటి."

మరి రుచి ఎలా తెలిసేది, ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలిసేదని అడిగాను.

"మీ మొగాలు చూస్తాంటి" అంది.

అంతకుముందు వారమంతా వచ్చిన కోపం ఒక ఎత్తు, అప్పుడు వచ్చింది ఒక ఎత్తు. దీన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. యాభై రెండేళ్ళ దాన్ని. ఆ పాలసంకటి గురించి పిల్లలకు కథలుగా చెప్పాను, బళ్ళో టీచర్లతో గొప్పలు పోయాను. మా అక్క ఏం తిన్నదో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. తమ్ముడికి ఫోన్ చేసి, నీకు తెలుసా అని అరిచాను. నాకు గుర్తులేదక్కా అన్నాడు. గుర్తుండటానికి చూసి ఉండాలి కదరా, మన కళ్ళన్నీ గిన్నెలోనే ఉన్నాయి కదా అన్నాను. ఆ సాయంత్రమే వాడు బస్సెక్కి వచ్చి, అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

సోమవారం డాక్టరు బరువు చూశారు. శనివారం తగ్గిన అరకిలో తిరిగి వచ్చింది, బుధవారం కంటే తగ్గలేదు. గొట్టం అక్కర్లేదన్నారు. ఏం పెడుతున్నారని అడిగి, నేను చెబుతుంటే సగం విని, మంచిది, ఓట్స్ కూడా కొనసాగించండి అన్నారు. నేను తాడెత్తున లేవబోయాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంటికొచ్చి మళ్ళీ నూకలు నానబెట్టాను. గంట తిప్పాను. ఈసారి గ్లాసు టంగుమనలేదు. దించి, చెంచాడు వెన్న తీసి వేయబోతుంటే, గుమ్మంలో కుర్చీలోంచి అక్క కొంచెం ముందుకు వంగింది.

"నాకు ఇంకొంచెం వెయ్యి మే" అంది.

ఇన్నేళ్ళకా అడగడం అని అరవాలనిపించింది. నోరు మూసుకుని, వెన్న గిన్నె తీసుకుపోయి ఆమె ఒళ్ళోనే పెట్టేశాను.