పొట్టు తీయని వెల్లుల్లి

ఉయ్యూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన, రొయ్యల పచ్చడి సీసా మూత తీసి నా ముందు పెట్టారు.

"కాస్త రుచి చూసి నిజం చెప్పు తల్లీ."

కొత్తవాళ్లతో మాట్లాడాలంటేనే నాకు బెరుకు. కాదనడం ఇంకా కష్టం. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. వెల్లుల్లి పొట్టు నాలుకకు తగిలింది.

"చాలా బాగుందండీ."

ఆయన ముఖం చిన్నబోయింది.

"ఆటోనగర్‌లో మా ఆవిడకి పచ్చళ్ల కొట్టుండేదమ్మా. వెల్లుల్లి పొట్టుతోనే దంచేది. కొలతలు మాత్రం నాకే చెప్పేది కాదు, నీ నోట్లో మాట దాగదంటూ నవ్వేది. పనిలో ఉన్న అమ్మాయికి అన్నీ నేర్పింది, సొంత చెల్లెల్లా చూసుకుంది. మా ఆవిడ పెద్దకర్మకి ఏడుస్తూ వడ్డించిన ఆ మనిషే, నెల తిరక్కుండా మా కొట్టుకెదురుగా కొట్టు పెట్టింది. గోడకి మా ఆవిడ ఫొటో కూడానూ! ఇది అక్కడిదే. వేరేవాళ్లతో కొనిపించా."

నాలుకకు అంటిన పొట్టును వేలితో తీసుకున్నాను.

"బాగోలేకపోతే తిట్టుకుని పారేద్దామనుకున్నా. అచ్చం మా ఆవిడ చేతిదే."

మూత బిగించి, సీసాను కండువాలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు.

ఇప్పటికీ వెల్లుల్లి పొట్టు నోటికి తగిలితే, ఆ రోజు బాగోలేదని చెప్పాల్సిందనిపిస్తుంది.